మా ఆకు ఆరబెట్టిన చేతులకు దండం

రాయగడ ఊరివాళ్ళకి, గుణుపురం, పార్వతీపురం నుంచి ఫోన్లు చేసినవాళ్ళకి, అయ్యప్ప పీఠం స్వాములకి, మహిళా సంఘం అక్కలకి నమస్కారం. ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి చెప్పాలనే ఉంది. సీజన్ మీద ఉన్నాం, మిషన్ ఆపడానికి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. మాది ఒడిశా రాయగడలో విస్తళ్ళు చేసే షెడ్డు. కార్తీకంలో వానేమిటి అనుకుంటాం గానీ, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మన కొండలకి నెలతో పని లేదు. రాత్రి గాలికి షెడ్డు మీద రేకు లేచిపోయింది. దాని కిందే స్వాముల భిక్షకి, ఒక పెళ్ళికి కట్టలు కట్టి పెట్టిన అడ్డాకు, అంటే విస్తళ్ళు కుట్టే అడవి తీగ ఆకు, ఉంది. తెల్లారి తలుపు తీసేసరికి అన్నీ నీళ్ళు కారుతున్నాయి.

అడ్డాకుతో పెద్ద చిక్కు ఉంది. మరీ ఎండితే అచ్చులో పెట్టగానే పెళపెళా పగులుతుంది. తడి ఉండిపోతే రెండ్రోజుల్లో బూజు. నొక్కే ముందు నీళ్ళు చిలకరించి, గోనె కప్పి, చేతిలో మెత్తగా వంగే దాకా ఆగాలి. అలాంటి ఆకు కట్టలకి కట్టలు నానిపోతే ఎండ కావాలి. ఆ రోజు ఎండ లేదు.

కల్యాణ మండపం మావయ్యకి నేను ఫోన్ చెయ్యలేదు. ఆయనే తాళాలు పట్టుకుని వచ్చాడు. "హాలు ఖాళీగానే ఉంది, ఫ్యాన్లన్నీ వేసుకో" అన్నాడు. అద్దె మాట ఎత్తితే కసిరాడు. నల్లబట్టల్లో ఉన్న స్వాములు ఆ బురదలో, చెప్పుల్లేని కాళ్ళతో, కట్టలు నెత్తిన పెట్టుకుని మండపానికి మోశారు. అక్కలు ఆకుకి ఆకు విడదీసి, పాత చీరలతో తుడిచి, పట్టాల మీద పరిచారు. వాళ్ళలో కొండ మీది ఊరి నుంచి వచ్చిన ముసలావిడ ఉంది. పని చెయ్యమని ఎవరూ పిలవలేదు, ఆకు అమ్ముకోడానికి వచ్చి ఉండిపోయింది. ఆకు తిరగేసి, వెనక ఈనె మీద బొటనవేలు ఆనించి, ఆరింది ఒక పక్కకి, ఆరనిది ఒక పక్కకి వేసుకుంటూ పోయింది. సాయంత్రం దాకా ఒక్క ఆకు కూడా తప్పుగా వెయ్యలేదు. డబ్బులిస్తే ఆకు ఖరీదు వరకే తీసుకుని మిగతావి నా చేతిలోనే పెట్టేసింది.

భిక్ష ఆర్డరు అలా గట్టెక్కింది. పెళ్ళి ఆర్డరుకి మాత్రం విస్తళ్ళు చాలలేదు. గుణుపురంలో ఇదే వ్యాపారం చేసే అన్నయ్య ఉన్నాడు. ఇద్దరం ఎన్నోసార్లు ఒకే ఆర్డరు కోసం ధరలు తగ్గించుకుని కొట్టుకున్నాం. ఆయన తన సరుకు అసలు ధరకే ఆటోలో ఎక్కించి పంపాడు. "నీ పార్టీని లాక్కోవాలంటే వేరే రోజులున్నాయిలే తమ్ముడూ" అన్నాడు. ఆ రోజులు వస్తాయని నాకూ తెలుసు. అయినా దండం అన్నయ్యా.

గురుస్వామి గారి సంగతి విడిగా చెప్పాలి. ఆయన లేకపోతే ఈ షెడ్డే లేదు.

ఇంటర్ మధ్యలో వదిలేశాక పొద్దున్న లేస్తే స్టేషన్ బయటే నా మకాం. పేకాట, మందు, చేబదుళ్ళు, తన్నులాటలు. ఊరందరికీ తెలిసిన కథే, విప్పి చెప్పేంత గొప్పది కాదు. నాతో తిరిగిన వాళ్ళలో ఇద్దరు రైల్లో గంజాయి సంచులు మోసి పట్టుబడ్డారు. నన్నూ రమ్మన్నారు, ఆ రోజు జ్వరమొచ్చి వెళ్ళలేదు, అంతే తేడా. ఇప్పుడు మన కొండల్లో కుర్రాళ్ళకి నాలుగు డబ్బులు చూపించి సంచి చేతికిస్తున్నారు. 20 కిలోలు దాటితే చట్టం ప్రకారం శిక్ష 10 ఏళ్ళకి తగ్గదు. సంచి ఇచ్చినవాడు ఆ సంగతి చెప్పడు.

అమ్మ పోరు పడలేక మాల వేసుకున్నాను. 41 రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట అన్నం. అవన్నీ ఓర్చుకున్నాను. నేను ఎదురుచూడనిది ఇంకోటి జరిగింది. స్టేషన్ దగ్గర నన్ను చూస్తే లాఠీ ఎత్తే కానిస్టేబులు "స్వామీ, కొంచెం జరగండి" అన్నాడు. వెనక ఎవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను. బొకారో ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం దాకా, అక్కణ్ణించి బస్సులో పంబ, ఆ పైన కొండ. ఇరుముడి నెత్తిన పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

మాల తీశాక ఏమవుతుందో మనందరికీ తెలుసు. మకరజ్యోతి అయిన వారానికి మందు షాపు దగ్గర రద్దీ చూడండి. నేనూ అక్కడే ఉండేవాణ్ణి. మాల తీసిన సాయంత్రం గురుస్వామి గారు "రేపట్నించి ఏటి చేస్తావురా?" అని అడిగారు. నేను నీళ్ళు నమిలాను. "అయితే అయిదింటికి బండి దగ్గరికి రా" అన్నారు. ఆయనది విస్తళ్ళ కొట్టు. మర్నాడు బుధవారం, చాటికోన సంత. నియమగిరి కొండల నుంచి డొంగ్రియా గిరిజనులు పసుపు, అనాస దించే సంత అది. ఆకు ఎలా చూడాలో అక్కడే నేర్పారు. "బేరం నాతో ఆడు, కొండ దిగి నడిచొచ్చిన వాళ్ళతో ఆడకు" అన్నారు. వాళ్ళ దగ్గర అరువు పెట్టకూడదన్నది ఆయన పెట్టిన రెండో షరతు. అది ఇప్పటికీ దాటలేదు.

మిషన్ కొనడానికి ముద్ర లోను, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం పెట్టిన పథకం అప్పు, ఇప్పించిన బ్యాంకు మేడం గారికి కూడా నమస్కారం. అందులో శిశు అనే మొదటి మెట్టు కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారని పేపర్లో చదవడం వేరు, నా పేరు చూసి కూడా దరఖాస్తు పక్కన పడెయ్యకపోవడం వేరు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్, థర్మోకోల్ ప్లేట్లు నిషేధం కావడం కూడా మాకు కలిసొచ్చింది. నిషేధం ఉన్నా అవి ఇంకా సంతల్లో కనబడుతున్నాయి, అది వేరే గొడవ.

నిన్ను దేవుడు మార్చాడా, వ్యాపారం మార్చిందా అని పీఠంలో సరదాగా ఆటపట్టిస్తుంటారు. దీపం పెట్టందే మిషన్ స్విచ్చి వెయ్యను, అది నా నమ్మకం. కానీ మాల ఉండేది 41 రోజులే. శనివారం సాయంత్రం కుట్టుకూలికి అక్కలు వస్తారని తెలిశాక శుక్రవారం రాత్రి ఎవడు తాగుతాడు? నన్ను ఏడాది పొడుగునా నిలబెట్టేది ఆ శనివారాలు. ఆ శనివారాల్ని నాకు ఇచ్చింది అయ్యప్పే అంటే నేను కాదనను. గురుస్వామి గారు మాత్రం ఈ వాదన మొదలైతే లేచి టీకి వెళ్ళిపోతారు.

షెడ్డుకి కొత్త రేకు వేయించాం. ఆర్డర్లు మళ్ళీ తీసుకుంటున్నాం, దొన్నెలు మాత్రం వారం ఆగాలి. ఇంకో మాట. ఆ రోజు హడావిడిలో నీలం పట్టాలు, ఒక టేబుల్ ఫ్యాను, పెద్ద స్టీలు గిన్నె మా దగ్గర ఉండిపోయాయి. ఫ్యాను వెనక ఎవరో ఎర్ర రంగుతో ఒడియాలో పేరు రాశారు, సగం చెరిగిపోయింది. ఎవరివో వచ్చి తీసుకెళ్ళండి, పొద్దున్న పది దాటాక ఎప్పుడైనా షెడ్డు దగ్గరే ఉంటాను.