ఏడో తరగతి పిల్లాడికి కూడా వస్తుంది

సంపాదకులకు నమస్కారం.

కణాల్లో ప్రోటీన్లు ముద్దకట్టడం వల్ల వచ్చే జబ్బుల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. మా బావమరిదికి పార్కిన్సన్స్ ఉంది కాబట్టి రెండుసార్లు చదివాను. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ నాడీకణాల్లో పేరుకుని లూయీ బాడీలనే ముద్దలు ఎలా ఏర్పడతాయో బాగా చెప్పారు, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ అది చదివినవాళ్లెవరికైనా ఇదంతా అరవై దాటినవాళ్ల మెదడుకు సంబంధించిన గొడవ అనిపిస్తుంది. నేను చింతపల్లి వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో 22 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. ఈ రకం జబ్బు నేను మొదట చూసింది ఏడో తరగతి పిల్లాడిలో. దాని పేరు సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు. మీ వ్యాసంలో ఆ మాటే లేదు.

అది 2008 డిసెంబరు. మా దగ్గర ఆ నెలలో పొద్దున్నే ఎలా ఉంటుందో లంబసింగి చూడ్డానికి వచ్చే టూరిస్టులకీ తెలుసు. ఆరింటికి డ్రిల్లు. ఆ పిల్లాడు రెండు రౌండ్లు పరిగెత్తి చతికిలబడేవాడు. "కాళ్లెముకల్లో మేకులు దిగ్గొడుతున్నట్టుంది సార్" అనేవాడు. డ్రిల్లు ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నాడనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అందరి ముందూ అన్నాను కూడా. చలికి నీళ్లు సరిగా తాగేవాడు కాదు. తాగితే రాత్రి చీకట్లో బయటికి వెళ్లాలని హాస్టలు పిల్లలెవరూ తాగరు. కళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు కామెర్లని పసరు పోయించారు. ఒక డాక్టరు కీళ్లవాతమన్నారు. చివరికి విశాఖలో రక్తపరీక్ష చేయించి అసలు సంగతి తెలుసుకునేసరికి రెండేళ్లు గడిచిపోయాయి.

బయాలజీ మాస్టారిని అయ్యుండీ నేను ఆ జబ్బు గురించి సరిగ్గా చదివింది ఆ తర్వాతే. ఎర్రకణాల్లో ఆక్సిజన్‌ని మోసే ప్రోటీన్ హీమోగ్లోబిన్. అందులో బీటా గొలుసు అని ఒకటుంటుంది, దానిలో 146 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ వచ్చి కూర్చుంటుంది. తేడా అంతే. 1956-57లో కేంబ్రిడ్జిలో వెర్నాన్ ఇంగ్రామ్ దాన్ని పట్టుకున్నారు. ఈ వాలిన్‌కి నీళ్లంటే పడదు. హీమోగ్లోబిన్ తన ఆక్సిజన్‌ని వదిలేయగానే ఈ వాలిన్ పక్క హీమోగ్లోబిన్‌లోని గుంటలో దూరుతుంది. అలా ఒకదానికొకటి అతుక్కుంటూ 14 పేటల తాడులా పేనుకుంటాయి. ఎర్రకణం లోపల అలాంటి తాళ్లు బారుగా పెరిగితే కణం కొడవలిలా వంగి బిగుసుకుపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. వాడు చెప్పిన మేకులు అవే. మామూలుగా 120 రోజులు బతకాల్సిన కణం పది ఇరవై రోజులకే పగిలిపోతుంది. కళ్లు పచ్చబడేది అందుకే.

ఒక జబ్బుకి మూలం ఫలానా ప్రోటీన్ అణువులో ఉందని మొట్టమొదట తేలింది ఈ జబ్బులోనే. 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. లూయీ బాడీల్లో ఉన్నది ఆల్ఫా సిన్యూక్లిన్ అని తెలిసింది 1997లో. మీరు తమ్ముణ్ని పరిచయం చేసి అన్నను గుమ్మం బయటే నిలబెట్టారు.

ఈ అన్నకి ఒక మంచి గుణం ఉంది. కణం ఊపిరితిత్తులకు చేరి ఆక్సిజన్ అందుకోగానే తాళ్లు విడిపోతాయి, గడ్డకట్టిన నెయ్యి ఎండకు కరిగినట్టు. (పోలిక కరగడం వరకే. తాళ్లు పేనుకునేది ఆక్సిజన్ తగ్గడం వల్ల.) మళ్లీ మళ్లీ ఇలా జరిగితే మాత్రం కణం పైపొర పాడై ఆ వంకర అలాగే ఉండిపోతుంది. ఇంకో సంగతి, తాడు మొదలవడానికి కొంత వ్యవధి పడుతుంది. ఈలోగా కణం సన్ననాళం దాటేస్తే గండం గడిచినట్టే. ఒంట్లో నీరు తగ్గి కణంలో హీమోగ్లోబిన్ చిక్కబడితే ఆ వ్యవధి ఎన్నో రెట్లు కుదించుకుపోతుంది. చలికి నాళాలు ముడుచుకుంటే కణం దాటడం ఆలస్యమవుతుంది. పరిగెత్తితే కండరాలు ఆక్సిజన్ లాగేస్తాయి. ఈ మూడూ కలిపి రోజూ పొద్దున ఆరింటికి ఆ పిల్లాడికి మేమే ఏర్పాటు చేశాం.

హైడ్రాక్సీయూరియా మాత్ర పనిచేసేదీ ఈ లెక్కతోనే. తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌ని అది మళ్లీ పెంచుతుంది. ఆ రకం ఈ తాళ్లలో కలవదు. ఆ పిల్లాడికి ఇప్పుడు పెళ్లయింది, డాక్టరు చెప్పినట్టు మాత్ర వేసుకుంటూ సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకుంటున్నాడు. నీళ్లసీసా లేకుండా షట్టరు ఎత్తడు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును లేకుండా చేయాలని లక్ష్యం. మంచి పని. అయితే మా పక్క ఊళ్లో ఒక క్యాంపులో ఒక అమ్మాయికి "సికిల్ ఉంది" అని చెప్పి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా కుదిరిన సంబంధం తప్పిపోయింది. అక్కడ చేసింది రక్తం మసకబారుతుందో లేదో చూసే పరీక్ష. అది జబ్బున్నవాళ్లనీ, అమ్మానాన్నల్లో ఒకరి నుంచే ఆ జన్యువు అందుకున్న క్యారియర్లనీ వేరుచేసి చెప్పదు. తర్వాత ఇంకో పరీక్షలో ఆ అమ్మాయి క్యారియర్ అని తేలింది. అలాంటివాళ్ల కణంలో సగానికి పైగా మామూలు హీమోగ్లోబినే ఉంటుంది, అది అడ్డుపడుతుండగా తాడు అంత తేలిగ్గా పేనుకోదు. ఆ అమ్మాయి రోగి కాదు. అబ్బాయికి సికిల్ గానీ తలసీమియా గానీ జన్యువు లేకపోతే పిల్లలకు ఈ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం. ఈ నాలుగు ముక్కలు ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పినవాళ్లు లేరు. నేను వెళ్లేసరికి అబ్బాయికి వేరే సంబంధం ఖాయమైపోయింది.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. నవంబరులో, చలి ముదరకముందే, మన్యం హాస్టళ్ల కోసం చిన్న బాక్సు కట్టి వేయండి: ఎముకల నొప్పి అన్న పిల్లాణ్ని పరిగెత్తించొద్దు, వెచ్చగా ఉంచి నీళ్లు తాగించాలి, జ్వరం గానీ ఆయాసం గానీ ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, రెండో పరీక్ష అయ్యేదాకా ఎవరికీ సికిల్ ఉందని చెప్పొద్దు. మీ పేపరు హాస్టళ్లకి వస్తుంది. పిల్లలు ముందు తిప్పేది ఆటల పేజీ, డ్రిల్లు మాస్టార్లు కూడా అంతే. అక్కడే వేయండి.

నా పేరు మాత్రం వేయకండి. పేరు చూస్తే బడి తెలిసిపోతుంది, బడి తెలిస్తే వాడెవరో తెలిసిపోతుంది.

– ఒక విశ్రాంత బయాలజీ ఉపాధ్యాయుడు,
అల్లూరి సీతారామరాజు జిల్లా