టోకెన్ ముందా, కాగితాలు ముందా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో ఇళ్ళు, స్థలాల పేజీ వచ్చిన రోజు మా ఇంట్లో ముందు దాన్నే తీస్తాం. ఎప్పుడు చూసినా కొత్త ప్రాజెక్టులే. ప్రీ లాంచ్ ధర, క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, పది నిమిషాల్లో మెట్రో. ఇప్పటికే కట్టేసి జనం కాపురాలు చేస్తున్న ఇల్లు కొనాలనుకునే మాలాంటి వాళ్ళకి అందులో ఒక్క ముక్క దొరకదు. రీసేల్ ఫ్లాట్ అమ్ముకునే ఆయన ఫుల్ పేజీ ప్రకటన ఇవ్వడు కదా, అందుకేనేమో. తప్పుగా అనుకోకండి, చాన్నాళ్ళుగా అనాలని ఉంది, అనేశాను. ఇవాళ రాసేది మాత్రం టోకెన్ గురించి, అంటే పాత ఫ్లాటు బేరం ఖాయమని ముందుగా ఇచ్చే డబ్బు గురించి.

మాది మదనపల్లె. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అద్దెకుంటున్నాం, నేనూ మా ఆయనా ఇద్దరం ఐటీలోనే. కొత్తది బుక్ చేస్తే తాళాలు ఇచ్చేదాకా ఇటు అద్దె, అటు ఈఎంఐ రెండూ మోయాలి, పైగా కడుతూ ఉన్న ఫ్లాటుకి మామూలుగా 5 శాతం జీఎస్టీ. చేతులు మారే పాత ఫ్లాటుకి ఆ జీఎస్టీ లేదు, గోడకి చెమ్మ ఎక్కడుందో కళ్ళతో చూడొచ్చు, పైవాళ్ళ పిల్లలు ఎంత గోల చేస్తారో కూడా తెలిసిపోతుంది. అందుకే రీసేలే కొందామని కూర్చున్నాం. కొన్ని నెలలుగా శని, ఆదివారాలు ఇదే పని.

2023 అక్టోబరులో పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా నడవడం మొదలయ్యాక, హూడి, కుందలహళ్ళి వైపు కాగితాలు సరిగ్గా ఉన్న రెండు బెడ్‌రూముల ఫ్లాటు అమ్మకానికి వస్తే వారం నిలవడం లేదు. మేం శనివారం చూడ్డానికి వెళ్తామంటే శుక్రవారం రాత్రికే అయిపోయిందంటారు. బ్రోకర్లలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఫోన్ ఎత్తగానే "మీది మదనపల్లా అక్కా, మాది కదిరి" అంటారు, ఆ ఒక్క మాటతో మనకి సగం నమ్మకం వచ్చేస్తుంది. తర్వాత అసలు సంగతి. "ఇప్పుడే ఇంకొకళ్ళు చూసి వెళ్ళారక్కా, సాయంత్రానికి టోకెన్ వేస్తామన్నారు, మీరు ముందు ఒక లక్ష వేసేయండి, ఆలస్యం అమృతం విషం." కాగితాలు చూపించమంటే, "టోకెన్ పడ్డాక ఓనర్ గారే ఇస్తారు" అంటారు.

నేను ఈ ఉత్తరం రాసేది దాని గురించే. లక్షో రెండు లక్షలో చేతిలో పడితే గానీ జిరాక్స్ కాపీ కూడా చూపించం అనడం ఎక్కడి పద్ధతి? అమ్మేవాళ్ళ భయం నాకు అర్థం కాకపోలేదు. ఊరికే చూసిపోయే వాళ్ళు ఎక్కువ, సేల్ డీడ్ కాపీ పది వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయితే ఆధార్, పాన్ నంబర్లు కొట్టేసి ఇవ్వండి, లేదా మీ ఇంట్లోనే కూర్చోబెట్టి చూపించండి. చూపించడానికే డబ్బు అడిగితే ఏం అనుకోవాలి?

కొత్త ఫ్లాట్లు అమ్మే బిల్డర్‌కి 2016 నాటి రెరా చట్టం, అంటే ఇళ్ళ ప్రాజెక్టుల నియంత్రణ చట్టం, 13వ సెక్షన్ ఒక హద్దు పెట్టింది, అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని. ఆ ప్రాజెక్టు అనుమతులు రెరా వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, అమ్మిపెట్టే ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అదే ఒకాయన తన సొంత పాత ఇల్లు ఇంకొకరికి అమ్ముతుంటే ఇవేవీ అడ్డురావు. టోకెన్ ఎంత, ఏ షరతు మీద, బేరం చెడితే ఎవరికి ఎంత అనేది అంతా నోటిమాటే.

మా పక్క ఫ్లాటులో అద్దెకున్న వాళ్ళకి ఏమైందో చెప్తాను. ఫ్లాటు నచ్చింది, టోకెన్ వేశారు, బ్యాంకుకి వెళ్ళారు. బిల్డింగుకి ఓసీ లేదు, అంటే ప్లాను ప్రకారమే కట్టారు, కాపురం ఉండొచ్చు అనే సర్టిఫికెట్ లేదు, లోన్ ఇవ్వం అన్నారు. బ్యాంకుల తప్పేమీ లేదు. ఓసీ లేని కట్టడానికి కరెంటు, నీళ్ళ కనెక్షన్ ఇవ్వొద్దని, ఆ సర్టిఫికెట్ చూసుకున్నాకే లోన్ ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాక అందరూ గట్టిగా పట్టుకున్నారు. డబ్బు వెనక్కి అడిగితే ఓనరు, "మీ లోన్‌తో మాకేం సంబంధం, మా ఫ్లాటు మీ కోసం ఆపాం కదా" అన్నాడు. బ్రోకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఓసీ లేదన్న సంగతి ఓనరుకి ముందే తెలుసు, బ్రోకర్‌కీ తెలుసు, డబ్బు పెట్టిన వాళ్ళకే తెలియదు.

ఇది తప్పించుకోవడానికి పెద్ద లాయరు అక్కర్లేదు, మొదటి వడపోతకి రెండు సాయంత్రాలు చాలు. బెంగళూరు నగరం లోపల 2024 చివరి నుంచి ఈ-ఖాతా, అంటే ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే నగరపాలక సంస్థ ఆన్‌లైన్ రికార్డు, లేనిదే రిజిస్ట్రేషన్ అవ్వదు, కాబట్టి ఈ-ఖాతా వచ్చిందా అని మొదటి ఫోన్లోనే అడగాలి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే వచ్చాకే మాట్లాడదాం అనాలి. అనుమతుల్లో లోపాలున్న బి ఖాతా ఫ్లాటుకి, అన్నీ సరిగ్గా ఉన్న 'ఏ' ఖాతా ఫ్లాటు ధర చెప్పి, ఎలాగూ మార్చేస్తారులెండి అనే వాళ్ళు ఇంకో రకం. మార్చిన రోజు ఆ ధర ఇద్దాం, ఇవాళ ఎందుకు? ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి వెబ్‌సైట్లో తీసుకోవచ్చు. కన్నడంలో ఉంటుంది గానీ ఆ లిపి మనకి కొత్తేమీ కాదు, కాస్త కూడబలుక్కుంటే పేర్లు, తేదీలు తెలిసిపోతాయి. అయితే ఈసీలో ఏమీ లేదంటే ఏమీ లేదని కాదు. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు అందులో కనపడదు, కోర్టు కేసు కూడా చాలాసార్లు కనపడదు. బ్యాంకు తాకట్టు ఉందేమో, తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ వెబ్‌సైట్లో కొద్దిపాటి ఫీజు కట్టి వెతకొచ్చు, కేసుల కోసం కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఓనరు పేరు కొట్టి చూడొచ్చు. ఇవి దాటాకే లాయరు, బ్యాంకు లీగల్ రిపోర్టు.

ఓనరుకి లోన్ ఉంటే భయపడక్కర్లేదు, నన్నడిగితే అదొక రకంగా మంచిదే, ఒక బ్యాంకు ఇదివరకే కాగితాలు చూసిందన్న మాట. మన బ్యాంకు చెక్కు నేరుగా వాళ్ళ బ్యాంకుకి వెళ్తుంది. లోన్ తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు ఇవ్వాలని, ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000 రూపాయలు కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2023 డిసెంబరు నుంచి రూలు పెట్టింది. ఓనరు ఎన్ఆర్ఐ అయితే మాత్రం జాగ్రత్త. మామూలుగా 50 లక్షలు, ఆపైన ఉన్న ఇంటికి ఓనరుకిచ్చే డబ్బులోంచి మనం కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను, అంటే టీడీఎస్, 1 శాతమే, ఎన్ఆర్ఐకి చాలా ఎక్కువ. తెలియక 1 శాతం కోసి ఊరుకుంటే, ఆయన అమెరికా వెళ్ళిపోయాక నోటీసు మనింటికి వస్తుంది.

అసలు లక్ష, రెండు లక్షల టోకెన్‌కి ఇంత గొడవ ఎందుకు అనే వాళ్ళు చేతి డబ్బు లెక్క ఒకసారి వేసుకోవాలి. కోటి రూపాయల ఫ్లాటు అనుకుందాం. లోన్ 75 లక్షలకి మించి రాదు. స్టాంపు డ్యూటీ, సెస్సులు కలిపి 5.6 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు చివర్లో 1 నుంచి 2 శాతం చేశారు, అంటే ఇంకో 7.6 లక్షలు, వీటికి బ్యాంకు లోన్ ఇవ్వదు. బ్రోకర్‌కి 1 శాతం. అన్నీ కలిపి దగ్గర దగ్గర 34 లక్షలు మన చేతి నుంచి పోవాలి, ఇంకా రంగులు, కప్‌బోర్డులు అనుకోలేదు. చాలామంది దీనికోసం ఊళ్ళో స్థలం అమ్ముకుని వస్తున్నారు. మధ్యలో ఎవరో, "పదిహేను లక్షలు బ్లాక్‌లో ఇవ్వండి" అంటారు. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం, అది పక్కన పెట్టినా, కాగితం మీద ధర తగ్గితే మనకొచ్చే లోనూ తగ్గుతుంది. ఆ బ్లాక్ అంతా మన జేబులోంచే!

కాబట్టి నేను అడిగేది ఇది. టోకెన్ ఇవ్వొద్దనడం లేదు, పోటీ ఉన్నచోట ఏదో ఒకటి ఇవ్వక తప్పదు. ముందు ఈ-ఖాతా, ఈసీ, సేల్ డీడ్, ఓసీ కాపీలు చూపించాలి. తర్వాత ఒక పేజీ కాగితం రాసుకోవాలి. టైటిల్లో దోషం తేలినా, కాగితాల లోపం వల్ల బ్యాంకు లోన్ కాదన్నా టోకెన్ మొత్తం ఫలానా తేదీలోపు వెనక్కి. కొనేవాళ్ళు ఊరికే మనసు మార్చుకుంటే టోకెన్ పోయినట్టే, అది న్యాయం. అమ్మేవాళ్ళు ఇంకెవరో రెండు లక్షలు ఎక్కువిచ్చారని మాట తప్పితే రెట్టింపు ఇవ్వాలి. సేల్ డీడ్‌లో భార్యాభర్తలిద్దరి పేర్లు ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, డబ్బు ఓనరు ఖాతాకే వెళ్ళాలి, బ్రోకర్ ఫోన్‌పేకి కాదు.

ఇలా అడిగితే ఫ్లాటు చేజారిపోతుందని అందరికీ టెన్షన్. నిజమే, మాకు కొన్ని పోయాయి. ఒక ఓనరు మాత్రం అడిగిన సాయంత్రమే అన్నీ మెయిల్ చేసి, "మీరైనా చదివి కొంటున్నారు" అన్నారు. ధర కుదరక అది కొనలేదు, అది వేరే సంగతి.

ఇంకో మాట, ఇది మనవాళ్ళకే. తూర్పు వాకిలి తప్ప ముట్టం అని పట్టుబట్టేది మనమే, ఆ ఫ్లాట్ల ధర పెంచేదీ మనమే. ఆషాఢం వస్తే ఇళ్ళు చూడటమే మానేస్తారు. రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకోండి, ఎవరొద్దన్నారు, చూడటానికి మాత్రం ఆషాఢమే మేలు, బ్రోకర్లు ఖాళీగా ఉంటారు, ఓనర్లు మెత్తబడి ఉంటారు, పైగా వానాకాలం. బేస్‌మెంటులో నీళ్ళు నిలుస్తాయో లేదో ఫొటోల్లో తెలియదు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కోట్ల విల్లాలే మునిగిన సంగతి మీరే అచ్చు వేశారు. నీళ్ళ సంగతి అసోసియేషన్‌నే అడగాలి, 2024 వేసవిలో ట్యాంకర్లకి ఎంత ఖర్చయిందో బిల్లులు చూపించమనాలి. ఆ ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ వచ్చింది గానీ ఆ బిల్డింగులోకి కనెక్షన్ వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ప్రభుత్వం రీసేల్ టోకెన్‌కి ఒక నమూనా పత్రం కావేరి వెబ్‌సైట్లోనే పెడితే సగం గొడవలు రావు. అది జరిగేదాకా మీరైనా ఆ ఇళ్ళ పేజీలో నెలకి ఒక్కసారి పాత ఇళ్ళ గురించి రాయండి. మా లాయరు గారు చూసి సరిదిద్దిన టోకెన్ కాగితం మా దగ్గర ఉంది, పేర్లు తీసేసి ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను, చోటుంటే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు