కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: మేడ మీది గదుల సంగతి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కాలువల పూడిక రెండుసార్లు తీయించాం. పార్కు గేటు బాగుచేయించాం. మూడు వీధి దీపాలు ఇంకా వెలగలేదు. మిగిలిన పద్దులన్నీ కోశాధికారి విడిగా చదువుతారు. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఒకే విషయానికి కేటాయిస్తున్నాను: మేడ మీది గదుల్లో అద్దెకుండే కాలేజీ పిల్లల మత్తు అలవాటు. కార్యవర్గం సమయమంతా దానికే పోయింది మరి.

జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, కాలనీలో ఊరేగింపు చేశాం. ఫ్లెక్సీలు కట్టాం, ప్రతిజ్ఞ చేశాం, ఫొటోలు దిగాం. వచ్చినవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. ఎవరి గురించి నడిచామో ఆ పిల్లలు మేడల మీద నుంచి చూస్తున్నారు.

జూలైలో ఒక ఇంటి మీద నీళ్ల ట్యాంకు కడగడానికి ఎక్కిన పనివాడు నన్ను పైకి పిలిచాడు. ట్యాంకు వెనుక నీడలో చుట్టుకునే పలుచని కాగితాలు, కాల్చి పడేసిన పీకలు, రెండు కంటిచుక్కల మందు సీసాలు ఉన్నాయి. చుక్కల మందెందుకో నాకు అర్థం కాలేదు. పనివాడే చెప్పాడు. గంజాయి తాగితే కళ్లు ఎర్రబడతాయి, రాత్రి అమ్మ వీడియో కాల్ చేసేసరికి ఆ ఎరుపు పోవాలి. ఫ్లెక్సీల మీద రాయించిన నినాదాలన్నిటికంటే ఆ సీసాలు నాకు ఎక్కువ చెప్పాయి.

సరుకు ఎక్కడిదని విశాఖవాసులు ఒకరినొకరు అడగనక్కర్లేదు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండలు మనకు కొన్ని గంటల దూరం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట కాల్చేశారు. ఆ పొగ వార్తను మనమంతా టీవీలో చూసి, ఏజెన్సీ గొడవ కదా అని ఛానెల్ మార్చాం.

తర్వాత మనం చేసిన పని దాచకుండా రాయాలి. అత్యవసర సమావేశం పెట్టాం. మాదకద్రవ్యాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 25వ సెక్షన్ ఉందని, తెలిసి తన ఇంట్లో ఇలాంటివి జరగనిస్తే యజమానికీ అదే శిక్ష పడుతుందని న్యాయవాది అయిన మన సభ్యులొకరు చెప్పారు. ఆ మాటతో అందరికీ చెమటలు పట్టాయి. మర్నాడు సాయంత్రానికల్లా ఆ ఇంటి మేడ మీది గదిలో అద్దెకున్న ముగ్గురు పిల్లలనీ ఖాళీ చేయించాం. నేనే దగ్గరుండి సామాన్లు దింపించాను. కుక్కరు, పరుపు చుట్టలు, ఇంజినీరింగ్ డ్రాయింగు బోర్డు. ఒక్క తండ్రికీ ఫోను చేయలేదు. మూడు వారాలకు పాలప్యాకెట్ల కోసం వెళితే ముగ్గురూ కింది వీధిలో కనబడ్డారు. మన కాలనీ సమస్యను పక్క కాలనీకి పంపి, పరిష్కరించామని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. ఆ రాతకు సంతకం నాదే.

దారి చూపింది రెండో వీధి మామ్మగారు. ఆవిడ మేడ మీద పాలకొండ వైపు నుంచి వచ్చిన అబ్బాయి ఒక్కడే ఉండేవాడు. ఆదివారాలు గిన్నెలో పెట్టి పంపే కూర ముట్టకుండానే తిరిగి రావడం మొదలైంది. కాలేజీ వేళకు గది తలుపు వేసే ఉంటోంది. ఆవిడ సంఘానికి చెప్పలేదు. మన నిర్వాకం చూసే ఉన్నారు కదా! నేరుగా అతని తండ్రికి ఫోను చేశారు.

“మామ్మగారూ, నాన్నకు చెప్పకండి” అని ఆ అబ్బాయి బతిమాలితే, “మీ నాన్నగారు అప్పుడే బస్సెక్కారు నాయనా, ముందు స్నానం చేసి రా” అన్నారట.

తండ్రి వచ్చాక ఆయన మొదటి భయం పోలీసు కేసు. చదువు పోతుంది, ఉద్యోగం రాదు అని. అప్పుడు మన న్యాయవాది మళ్లీ పుస్తకం తీశారు. అదే చట్టంలో 64-ఏ సెక్షన్ ఉంది. అలవాటుపడ్డవాడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చేరి చికిత్స పూర్తి చేస్తే, వాడినందుకు గాని కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకు గాని అతని మీద కేసు నడపరు. చికిత్స మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. 25వ సెక్షన్ విని గది ఖాళీ చేయించిన మనం, ఇంకో నలభై సెక్షన్లు చదివే ఓపిక పట్టలేకపోయాం. ఆ అబ్బాయి ఇప్పుడు చికిత్స పూర్తిచేసి కాలేజీకి వెళ్తున్నాడు. అంతకు మించి అతని గురించి ఇక్కడ రాయను, దయచేసి అడగవద్దు.

జనవరిలో ఒక మానసిక వైద్యుణ్ణి పిలిపించి మాట్లాడించాం. గంజాయి మానినవాడికి మొదటి వారం నిద్ర పట్టదు, అన్నం సహించదు, చీటికీమాటికీ కోపం వస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు తిట్టకుండా ఉంటే చాలన్నారు. మద్యం వేరు. రోజూ బాగా తాగేవాడికి ఒక్కసారిగా ఆపిస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. కాబట్టి గదిలో పెట్టి తాళం వేయడం చికిత్స కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ మాట విని వెనుక వరుసలో ఒక తల్లి లేచి బయటికి వెళ్లారు. తర్వాత డాక్టరుగారు ఆవిడతో విడిగా మాట్లాడారు.

మద్యం గురించి సభ్యులకు నచ్చని సంగతి ఒకటి. కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం 10–75 ఏళ్ల వాళ్లలో మద్యం తాగేవారు 14.6 శాతం, గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం. మనమేమో సమావేశాలన్నీ గంజాయికే పెట్టాం. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఇంజినీరింగ్ మూడో ఏడాది పిల్లల్లో చాలామందికి ఆ వయసు రాదు. డిసెంబరు 31 రాత్రి మన సభ్యుల విందులో మిగిలిన సీసాలను పార్కు బెంచీ కింద నుంచి ఏరింది మన కాపలాదారు కొడుకు. వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఎవరి విందో పేరు రాయడం లేదు, నేనూ అందులో ఉన్నాను.

గేటు దగ్గర బోర్డు మీద మూడు నంబర్లు రాయించాం. వ్యసనం మానడానికి సాయం కావాలంటే 14446. మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. అమ్మకాల సమాచారం ఇవ్వాలంటే 1972, ఇది 2024 నవంబరులో రాష్ట్రంలో ఏర్పాటైన ఈగల్ అనే మాదకద్రవ్యాల నిరోధక పోలీసు విభాగానిది. మొదటి రెండూ పైన, పెద్ద అక్షరాల్లో రాయించాం. 1972 పైన ఉండాలని కార్యవర్గంలో ఇద్దరు పట్టుబట్టారు, ఓటింగులో ఓడిపోయారు.

గదులు అద్దెకిచ్చేవారికి ఒకే వినతి. అద్దె కాగితంలో తల్లిదండ్రుల ఫోను నంబరు రాయించుకోండి. నెలకోసారి ఊరికే పలకరించండి. అద్దె ఆలస్యమైతే చేసే ఫోను, పిల్లవాడు నాలుగు రోజులు గది దాటకపోయినా చేయండి.

సర్వసభ్య సమావేశం అజెండాలో నాలుగో అంశం చూడండి. జూలైలో ఖాళీ చేయించిన ముగ్గురి అడ్వాన్సు రెండు నెలల అద్దె ఇంకా ఇంటి యజమాని దగ్గరే ఉంది. సంఘం చెబితేనే ఖాళీ చేయించానని ఆయన అంటున్నారు, అది నిజమే. ఆ డబ్బు సంఘం నిధి నుంచి ఇవ్వాలా, ఆయన ఇవ్వాలా అన్నది మీరు తేల్చాలి. ఎవరిచ్చినా సరే, కింది వీధికి వెళ్లి ఆ పిల్లల చేతికి ఇచ్చి రావడానికి నా పేరు రాసుకోండి.

కార్యదర్శి