బాండు చూస్తే సరుకు చూసినట్టేనా?

గుంటూరు, బ్రాడీపేట

అమ్మడూ,

ట్రైనింగ్‌లో పొద్దస్తమానం ఎక్సెల్ షీట్లో ఒక గడిలో రిస్కు, పక్క గడిలో కంట్రోలు, అంటే ఆ రిస్కును ఆపే తనిఖీ, నింపడమే సరిపోతోందని మొన్న ఫోన్లో విసుక్కున్నావు. సీఏ చదివింది దీనికేనా అన్నావు. ఆ రెండో గడి గురించి నాకో మాట చెప్పాలనిపించింది.

నేను బ్యాంకులో మిర్చి లోన్లు చూసిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. నా చొక్కా ఘాటుకి మీ అమ్మ తుమ్ముతూ తిట్టేది. వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) పెట్టి, వాళ్లిచ్చిన రసీదు, అదే బాండు, మా దగ్గర తాకట్టు పెట్టేవాడు. తనిఖీకి వెళ్తే అక్కడి మేనేజరు ఫ్యాను కింద కూర్చోబెట్టి, టీ తెప్పించి, రిజిస్టరు ముందుకు తోసేవాడు. లెక్క ఎప్పుడూ సరిపోయేది. సరిపోక ఏమవుతుంది, బాండు రాసిందీ రిజిస్టరు రాసిందీ ఒకే చెయ్యి కదా! టీ తర్వాత తాగుదామని చాంబర్లోకి నడిచేవాణ్ణి. చలికి వణుకుతూ, దగ్గుతూ, లాట్ నంబర్లు చూసుకుంటూ లెక్కపెట్టడమే. ఒకచోట మాకు తాకట్టు పెట్టిన లాట్ మీద ఇంకో బ్యాంకు బోర్డు వేలాడుతూ కనిపించింది. రిజిస్టర్లో ఆ బోర్డు ఉండదుగా.

సత్యం కంప్యూటర్స్ సంగతి మీ క్లాసులో చెప్పే ఉంటారు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని బయటపడింది. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ అంకె కాదు. నిల్వలు నిజమేనా అని బ్యాంకులకు ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం ఆడిటర్లు కంపెనీ చేతికే వదిలేశారని 2011లో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ తేల్చింది. అంటే రిజిస్టరు చూసి, టీ తాగి వచ్చేశారన్నమాట.

అమెరికాలో ఎన్రాన్ కంపెనీ లెక్కల మోసం తర్వాత, అలాంటివి ఆపడానికి 2002లో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వచ్చింది. మన 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 143(3)(ఐ) ఉంది. ఆర్థిక కంట్రోల్స్ ఉన్నాయా, పనిచేస్తున్నాయా అని ఆడిటరు రాసివ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో నమోదు కావాలి కూడా. మంచిదే. కానీ ఆ మార్పుల రిపోర్టు నీకు తీసిచ్చేది ఎవరు? అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాడే ఎక్సెల్‌లో పెట్టి పంపితే నువ్వు ఇంకా ఫ్యాను కిందే కూర్చున్నట్టు.

అందుకని "మేనేజర్ అప్రూవ్ చేస్తారు" అని గడిలో రాసే ముందు, ఆయన ఏం చూసి చేస్తారో, ఆ కాగితం ఎక్కణ్ణుంచి వస్తుందో అడుగు. బ్యాంకు స్టేట్‌మెంట్ మెయిల్లో పంపుతామంటే, నీ ముందే లాగిన్ అయి డౌన్‌లోడ్ చెయ్యమను. సరుకు సప్లై చేసేవాళ్ల అకౌంటు నంబరు మారిందనుకో, మారిందని చెప్పిన మెయిల్లోని ఫోన్ నంబరుకు కాకుండా పాత ఫైల్లో ఉన్నదానికి ఫోన్ చేశారో లేదో చూడు. మొదట్లో మొహం చిట్లిస్తారు. నన్నూ చాదస్తుడనేవారు. "మా ఫార్మాట్ ఇంతే సార్" అని నవ్వుతూ చెప్పు, వాదన పెట్టుకోకు.

సెక్షన్ నంబర్లు గుర్తుండట్లేదని టెన్షన్ పడకు, పుస్తకం తీసి చూసుకోవచ్చు. దసరాకు వచ్చేటప్పుడు ఆ షీటు పట్టుకురా, నాలుగు ప్రశ్నలు వేస్తాను. ఇంట్లో మళ్లీ ఆఫీసు పెట్టారని మీ అమ్మ గోల చేస్తుంది, చెయ్యనీ.

ఆశీస్సులతో,
నాన్న