ఊరెళ్తున్నామని చెప్పాం, ఆ తర్వాత?

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడితే చాలు, హైదరాబాద్‌లో పోలీసుల హెచ్చరికలు మొదలవుతాయి. ఊరెళ్తుంటే స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి, బంగారం లాకర్‌లో పెట్టండి, సీసీ కెమెరాలు బిగించుకోండి అంటారు. సలహాల్లో తప్పేం లేదు. కానీ చెప్పి వెళ్ళినవాళ్ళ ఇంటికి ఏం చేస్తారో మాత్రం ఎక్కడా చెప్పరు. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

మాది శివారు కాలనీ. సగానికి పైగా గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళమే. జనవరి 10 దాటిందంటే వీధిలో స్కూటర్ చప్పుడు కూడా వినపడదు. అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు కూడా పండక్కి వాళ్ళ ఊళ్ళు వెళ్ళిపోతారు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు పేపర్లలో వస్తాయి, అవి దొంగలూ చూస్తారు. ఏ ఇల్లు ఖాళీగా ఉందో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పండగ రోజుల్లో ఉన్నవాళ్ళ గేట్ల ముందు రంగు ముగ్గులుంటే, ఊరెళ్ళినవాళ్ళ గేటు ముందు ఏమీ ఉండదు. వరండా బల్బు పట్టపగలు కూడా వెలుగుతూ ఉంటుంది. ఇంకేం కావాలి?

పోయిన పండక్కి మేమూ స్టేషన్‌కి వెళ్ళి చెప్పాం. ఒక పొడుగాటి పుస్తకంలో పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు రాసుకున్నారు. రసీదు లేదు, మెసేజ్ లేదు. పండగ వెళ్ళాక తిరిగొస్తే మా వీధి చివరి ఇంట్లో దొంగలు పడ్డారని తెలిసింది. వాళ్ళూ స్టేషన్‌లో చెప్పి వెళ్ళినవాళ్ళే. రాత్రి బీట్‌కి వచ్చే కానిస్టేబుల్‌ని అడిగితే, "ఆ పుస్తకం మాదాకా రాలేదండీ" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. ఏ ఇంటికి తాళం ఉందో ఎవరూ చెప్పనప్పుడు, సైరన్ మోగించుకుంటూ వీధి దాటిపోవడం తప్ప అతను మాత్రం ఏం చేస్తాడు?

ఆ ఇంటి తలుపు దగ్గరికి వెళ్ళి చూశాను. బరువైన ఇత్తడి తాళం, చెక్కుచెదరలేదు. ఊడిన గొళ్ళేనికే వేలాడుతోంది. ఆ గొళ్ళెం పొట్టి స్క్రూలతో బిగించింది కావడంతో రాడ్ పెట్టి మెలితిప్పేసరికి చెక్క పెచ్చుతో సహా వచ్చేసింది. వేలు పోసి తాళం కొంటాం, గొళ్ళెం మాత్రం ఇల్లు కట్టిననాడు వడ్రంగి కొట్టిందే. దానికి తలుపు అవతలికి వెళ్ళే బోల్టులు వేయించుకోవాలి. తలుపులోనే ఇమిడిపోయే లాక్ అయితే ఇంకా మేలు, ఇంట్లో మనుషులున్నారో లేదో బయటికి తెలియదు. వాళ్ళింట్లో కెమెరా కూడా ఉంది. షార్ట్ సర్క్యూట్ అవుతుందన్న భయంతో వెళ్తూ వెళ్తూ మెయిన్ ఆపేశారు, దాంతో కెమెరా, వైఫై రెండూ ఆగిపోయాయి. ఆ రెండింటి లైను ఒక్కటీ ఉంచి మిగతావి ఆపుకుంటే సరిపోయేది. ఇలాంటివి కదా జనానికి చెప్పాల్సింది!

లాకర్ సంగతీ పూర్తిగా చెప్పడం లేదు. 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, బ్యాంకులోనే దొంగతనం జరిగినా, అగ్నిప్రమాదం జరిగినా బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకి 100 రెట్ల వరకే. అద్దె 3,000 రూపాయలైతే 3 లక్షలు. ఇప్పటి బంగారం ధరకి అది ఏ మూలకి? ఇంట్లో బీరువా కంటే నయమే, కాదనను.

ఆంధ్రప్రదేశ్ పోలీసులకి ఎల్‌హెచ్ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) అనే యాప్ ఉంది. ఊరెళ్ళే తేదీలు అందులో పెడితే పోలీసులే వచ్చి, కదలికని పసిగట్టే కెమెరాని ఇంట్లో ఉచితంగా అమర్చుతారు. లోపల ఎవరైనా అడుగుపెడితే కంట్రోల్ రూమ్‌కి అలారం వెళ్తుంది. పండక్కి అందరూ ఒకేసారి అడిగితే కెమెరాలు చాలకపోవచ్చు. మేం అంత పెద్ద కోరిక కోరడం లేదు. చెప్పినవాళ్ళకి ఒక మెసేజ్ పంపండి. ఆ చిరునామా అదే రోజు బీట్ వాళ్ళ ఫోన్‌లోకి చేరేట్టు చూడండి. బీట్ వాళ్ళు వచ్చినట్టు గుర్తుగా మా వీధి గోడకున్న క్యూఆర్ కోడ్ ఎలాగూ స్కాన్ చేస్తున్నారు, అలా స్కాన్ చేసినప్పుడు మాకూ ఒక మెసేజ్ వస్తే ఊళ్ళో ఈ టెన్షన్ ఉండదు.

ఆ పుస్తకం కూడా తీసేయండి. బల్ల మీద తెరిచే ఉంటుంది. మా వివరాలు రాయిస్తున్నంతసేపూ, మాకంటే ముందు రాయించినవాళ్ళ ఇంటి నంబర్లు, వెళ్ళే తేదీలు నా కళ్ళముందే ఉన్నాయి. మా కాలనీలో చాలామంది స్టేషన్‌కి వెళ్ళకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఈ భయమే. వెలగని వీధి దీపాలు పండక్కి ముందే బాగుచేయమని జీహెచ్ఎంసీకీ మనవి.

చివరిగా మీ పత్రికకి కూడా ఒక విన్నపం. పేపర్ ఆపమని ఫోన్ చేసి చెప్పినా, పొద్దున్నే వచ్చే కుర్రాడు అలవాటు కొద్దీ గేటు లోపలికి విసిరేసి పోతాడు. నాలుగు రోజులయ్యేసరికి అక్కడో చిన్న గుట్ట తయారవుతుంది. పండక్కి ముందు మీ ఏజెంట్లందరికీ గట్టిగా ఒక మాట చెప్పండి. ఆపమన్న ఇళ్ళ పేపర్లు వాళ్ళ దగ్గరే ఉంచి, మేం వచ్చాక అన్నీ కలిపి వేసినా చాలు. బిల్లులో డబ్బులు తగ్గించనక్కర్లేదు.

ఇట్లు,
ఒక కాలనీవాసి, హైదరాబాద్