రొట్టెల పండుగ కథలో చాకలి దంపతులకు నాలుగు లైన్లు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొహర్రంతో పాటే, చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే మా నెల్లూరు రొట్టెల పండుగ కూడా ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటుంది. 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. తేదీ మారినా మీ జిల్లా పేజీలో 'పండుగ ఇలా పుట్టింది' అని వేసే కథ మాత్రం మారదు. ఆర్కాటు నవాబు, ఆయన భార్య జబ్బు, బారాషహీద్ దర్గా మహిమ అన్నీ ఉంటాయి. 'రజక దంపతులకు కల వచ్చింది' అని మమ్మల్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. వేదాయపాళెంలో ఇస్త్రీ కొట్టు నడుపుకునే నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

మా ఇళ్లలో చెప్పుకునేది ఇదీ. గండవరం దగ్గర యుద్ధంలో తలలు తెగిన 12 మంది వీరుల మొండేలను గుర్రాలు నెల్లూరు చెరువు గట్టుకు మోసుకొచ్చాయి. అక్కడే సమాధులు కట్టారు, అదే బారాషహీద్ దర్గా. ఎంతో కాలానికి, ఆ చెరువులో బట్టలుతికే మొగుడూ పెళ్లాలు పొద్దుపోయి గట్టు మీదే పడుకున్నారు. ఆమెకు కలలో ఆ వీరులు కనిపించి, తమ సమాధుల దగ్గరి మట్టి నుదుట రాస్తే నవాబు భార్యకు నయమవుతుందని చెప్పారు. అలాగే నయమైంది. నవాబు భార్యతో సహా వచ్చి మొక్కి, వెంట తెచ్చుకున్న రొట్టెలు అక్కడివాళ్లకు పంచాడు.

ఇది చరిత్ర అని నేననను. కానీ వాళ్లు గట్టు మీద ఎందుకు పడుకున్నారో ఎవరూ అడగరు. చవుడు మన్ను పట్టించి, ఉబ్బ పెట్టి (అంటే ఆవిరి మీద ఉడికించి), బండకేసి ఉతికి ఆరేసిన బట్టలు చీకటి పడేసరికి ఇంకా చెమ్మగానే ఉంటే వదిలేసి ఇంటికి పోలేం. అవి ఊళ్లోవాళ్ల బట్టలు. ఒక్క పంచె పోయినా ఎవరింటిదో మేం జీడిగింజ రసంతో పెట్టే గుర్తుతో సహా తెలిసిపోతుంది, మాట పడాల్సింది మేమే. మా అమ్మ పెన్నలో రేవుకు పోయే రోజుల్లోనూ మూటల దగ్గర ఎవరో ఒకరు కాపలా పడుకునేవాళ్లు.

ఇంకో సంగతి. ఈ కథలో ముందు ఇచ్చింది నవాబు కాదు, చాకలామె. ఆమె చెప్పిన మట్టికి బదులుగానే రొట్టె వచ్చింది. ఆ వరస ఇప్పటికీ నడుస్తోంది. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, తీరాక మళ్లీ వచ్చి ఇస్తారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. మా అమ్మాయి నర్సింగ్ చదివి ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు ఉద్యోగం రొట్టె తీసుకుంది. ఇచ్చినావిడ కావలి నుంచి వచ్చిన ముస్లిం ఆవిడ. మోకాటి లోతు నీళ్లలో నిలబడి, తల మీద కొంగు సర్దుకుని, రొట్టెలో బెల్లం ముక్క పెట్టి చుట్టి ఇస్తూ, "ఉద్యోగం వచ్చాక ఎగ్గొట్టేవు, నువ్వూ వచ్చి ఇవ్వాల" అంది. పాప ఎగ్గొట్టలేదు లెండి, మరుసటేడు వాళ్లమ్మ చేత చేయించుకుని మరీ పోయింది.

పేపర్లలో, టీవీల్లో ఎంతసేపూ ఏ నాయకుడు ఏ రొట్టె పట్టుకున్నాడనేదే. ఇవ్వడానికి వచ్చినవాళ్లను పలకరించేవాళ్లు తక్కువ. గట్టు మీద రొట్టెలు అమ్ముతున్నారని కొందరు విమర్శిస్తారు గానీ, నాకది తప్పనిపించదు. దూరాన్నుంచి బస్సులో వచ్చేవాళ్లు ఏం చేస్తారు?

ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఏ రొట్టె ఎక్కడ మార్చుకోవాలో ఘాట్ల దగ్గర బోర్డులు పెడుతున్నారు. ఆ వరసలోనే కథ రాసిన బోర్డు కూడా ఒకటి పెట్టి, అందులో ఆ దంపతుల సంగతి పూర్తిగా రాయించమని అధికారులను కోరుతున్నాను. మీరు కూడా వచ్చే ఏడు వాళ్లకో నాలుగు లైన్లు కేటాయించండి. చోటు చాలకపోతే నాయకుల ఫొటో కాస్త చిన్నది చేయండి.

ఇట్లు,
ఇస్త్రీ కొట్టు నడుపుకునే మీ పాఠకుడు,
వేదాయపాళెం, నెల్లూరు