పెయింటర్‌ని ఓ వారం ఆగమను

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. బెడ్‌రూమ్ గోడకి స్కర్టింగ్ పైన జానెడు మేర పెయింట్ బూరెలా పొంగింది. మీ అత్తగారు వచ్చేలోపు పుట్టీ పెట్టించి రెండు కోట్లు వేయించేస్తానన్నావు. తొందరపడకు, పెయింటర్‌ని ఓ వారం ఆగమను.

ఆ గోడ వెనక బాత్రూమే కదా? తెల్లగా ఉప్పు పూసిందన్నావు చూడు, గుట్టంతా అందులోనే ఉంది. నీళ్ళు ఇటుకల్లోంచి, సిమెంటులోంచి వస్తూ వాటిలోని లవణాల్ని కరిగించి తెస్తాయి. పైకొచ్చాక నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. చెమ్మ ఆగకుండా పుట్టీ పూస్తే ఆ ఉప్పు దాన్నీ నెట్టేస్తుంది.

ముందు బాత్రూమ్ తూము జాలీ తీసి, పాలిథిన్ కవర్‌లో చుట్టిన తడిగుడ్డ బిగించి కుక్కు. గడప దాటకుండా అంగుళం నీళ్ళు నిలబెట్టి, నీటిమట్టం దగ్గర స్కెచ్ పెన్‌తో గీత గియ్యి. ఒక రోజంతా అటు వెళ్ళొద్దు. నీళ్ళు గీతకి బాగా కిందికి దిగినా, ఇవతల మచ్చ పెరిగినా, టైల్స్ సందుల్లోనో తూము చుట్టూనో కారుతోందన్నమాట. కింది ఫ్లాట్ ఆవిడకి ముందే చెప్పు, లేకపోతే పెద్ద గొడవ! నీళ్ళు అలాగే ఉంటే గోడలోని పైపుని అనుమానించాలి. అది ప్లంబర్ పని.

నేనేదో తెలివైనవాణ్ణని కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మన సింగ్‌నగర్ ఇల్లు మునిగినప్పుడు ఏం చేశాను? సంక్రాంతికి ఇల్లు కళగా ఉండాలని డిసెంబర్‌లోనే రంగులు వేయించా. గోడ చేతికి పొడిగానే తగిలింది. లోపల మాత్రం నానే ఉంది. ఉగాదికల్లా రంగు అప్పడాల్లా రాలింది. మీ అమ్మ ఊడుస్తూ ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ భయమేసింది. రెండోసారి గోడకి పాలిథిన్ షీటు నాలుగువైపులా టేపు వేసి ఒక రోజు ఉంచాను. గోడవైపు చెమట పట్టింది. ఇక ఎండాకాలం అయ్యాకే పెయింటర్‌ని పిలిచాను.

ఇంకోటి, కింది ఫ్లాట్‌కి వెళ్ళినప్పుడు మీ బాత్రూమ్ కింద సీలింగ్ చూడు. తుప్పు మరకలు గానీ, పెచ్చులు ఊడటం గానీ ఉంటే వెంటనే ఫోన్ చెయ్యి. స్లాబులోని ఇనుము తుప్పుపడితే ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. అప్పుడు టైల్స్ సందులు పూడిస్తే సరిపోదు, ఇంజనీరు చూడాల్సిందే.

మీ అత్తగారు గోడ సంగతి అడిగితే, నాన్న ఆపమన్నాడని చెప్పు.

మీ నాన్న